పొడిగాలిలో తొలి రెక్క

పెట్టెలో విడిభాగాలుగా అమ్మే సామగ్రితో నమూనా విమానం ఎలా కట్టాలో చెప్పే పుస్తకాలూ, ఆ పెట్టెల్లోనే మడిచి పెట్టే సూచనల కాగితాలూ చాలావరకు చల్లని, చెమ్మగల దేశాల్లో రాసినవి. బంక ఇన్ని నిమిషాల్లో ఆరుతుందనీ, తడిపిన కాగితం ఇంతసేపటికి బిగుస్తుందనీ, రబ్బరు ఇన్నాళ్లు మన్నుతుందనీ వాటిలో కనిపించే లెక్కలు ఆయా దేశాల గాలికి సరిపోతాయే తప్ప, ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం పీఠభూమికి, అందులోనూ ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో కాగే కొత్తచెరువుకు సరిపోవు. సూచనలను అక్షరం తప్పకుండా పాటించినా రెక్క మెలి తిరిగిందనో, కాగితం చిట్లిందనో, రబ్బరు తెగిందనో తొలిసారి కట్టినవారు నిరాశపడితే, ఆ లోపం వారి చేతిది కాకపోవచ్చు. పని జరిగిన చోటి గాలిని లెక్కలోకి తీసుకోకపోవడమే అందుకు కారణం కావచ్చు. తొలి నమూనా విమానాన్ని ఈ పొడి నేల మీద ఎలా మొదలుపెట్టాలి, ఏ దశలో ఇక్కడి వాతావరణం పనిని ఏ దిక్కుకు లాగుతుంది అన్నదే ఈ ప్రసంగ విషయం.

ముందుగా మాటల అర్థం తేల్చుకోవాలి. విమానానికి కావలసిన చెక్క ముక్కలు, కాగితం, ప్రొపెల్లర్, అసలు కొలతలో గీసిన పటం, ఇవన్నీ ఒకే పెట్టెలో సమకూర్చి అమ్మే సరంజామాను కిట్ అంటారు. కిట్లలో రెండు జాతులున్నాయి. ప్లాస్టిక్ భాగాలను అతికించి, రంగులు వేసి, అద్దాల బీరువాలో నిలబెట్టేది మొదటి జాతి; బ్రిటన్‌కు చెందిన ఎయిర్‌ఫిక్స్ సంస్థ 1953లో తెచ్చిన స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం దీనికి పేరుపొందిన ఉదాహరణ. అది 72లో ఒక వంతు కొలతలో చేసినది, అంటే అసలు విమానంలో 72 సెంటీమీటర్లున్న భాగం నమూనాలో ఒక్క సెంటీమీటరు ఉంటుంది. తేలికపాటి చెక్కతో అస్థిపంజరం కట్టి, దాని మీద పలుచని కాగితం కప్పి, మెలిపెట్టిన రబ్బరు బలంతో నిజంగా ఎగరేసేది రెండో జాతి. మొదటి జాతి విమానం ఎలా ఉంటుందో నేర్పుతుంది. అది ఎందుకు అలా ఉంటుందో నేర్పేది రెండో జాతి మాత్రమే. నిలువెత్తు ఖాళీ ఆకాశమూ, చదునైన మైదానాలూ ఇంత ధారాళంగా ఉన్న ప్రాంతంలో ఎగిరే నమూనాతోనే అభ్యాసం మొదలు కావడం న్యాయమని ఈ ప్రసంగం భావిస్తుంది.

ఎగిరే నమూనా చరిత్ర మనిషి ఎక్కిన విమానం చరిత్ర కంటే పాతది. 1871 ఆగస్టు 18న పారిస్ నగరంలోని ట్యులరీ తోటలో అల్ఫాన్స్ పెనో అనే 21 ఏళ్ల యువకుడు 16 గ్రాముల బరువున్న చిన్న విమానాన్ని మెలిపెట్టిన రబ్బరుతో ఎగరేయగా, అది 11 సెకన్లలో సుమారు 40 మీటర్ల దూరం సాగింది. దూరం కంటే ముఖ్యమైన సంగతి ఏమిటంటే, దానిని నడిపే మనిషి ఎవరూ లేకపోయినా అది తనంతట తాను నిలకడగా ఎగిరింది. రెక్కల చివరలు కొద్దిగా పైకి లేచి ఉండటం వల్ల పక్కకు ఒరిగినప్పుడు తిరిగి సర్దుకునే గుణమూ, వెనక ఉన్న చిన్న తోకరెక్క ప్రధాన రెక్క కంటే కాస్త తక్కువ కోణంలో ఉండటం వల్ల ముక్కు పైకో కిందికో పోయినప్పుడు మళ్లీ మట్టానికి వచ్చే గుణమూ దానికి అబ్బాయి. ఇదే యువకుడి రూపకల్పనను అనుసరించిన, రబ్బరుతో తిరుగుతూ పైకి లేచే ఒక ఆటవస్తువును 1878లో అమెరికాలో మిల్టన్ రైట్ అనే మతగురువు తన పిల్లలకు తెచ్చి ఇచ్చారు. అప్పటికి పెద్దవాడైన విల్బర్‌కు 11 ఏళ్లు, ఆర్విల్‌కు 7 ఏళ్లు. ఎగరడం మీద తమ ఆసక్తికి మొదలు ఆ ఆటవస్తువేనని ఆ సోదరులు తరువాత చెప్పుకున్నారు. పెనో మాత్రం 30 ఏళ్లకే మరణించారు. నేడు ఏ దుకాణంలో కొన్న తొలి కిట్‌లోనైనా ఆయన విమానం చూపిన ఆ రెండు గుణాలే పనిచేస్తుంటాయి కనుక, ఆ పేరు తెలియకుండా రెక్క కట్టడం అన్యాయమనిపిస్తుంది.

కొత్తచెరువు పరిసరాలకు విమానం కొత్త కాదు. పక్కనే ఉన్న పుట్టపర్తిలో శ్రీ సత్యసాయి విమానాశ్రయం 1990 నవంబరులో ప్రారంభమైంది. గాలి సంగతి చెప్పనే అక్కరలేదు: రామగిరి కొండల మీద 1990ల నుంచి గాలిమరలు తిరుగుతున్నాయంటేనే ఈ పీఠభూమి మీద వీచే గాలికి ఎంత బలముందో తెలుస్తుంది. అయితే గాలిని అంచనా కట్టే నేర్పు గాలిమరలతో వచ్చినది కాదు. కళ్లంలో చేటను ఎత్తిపట్టి గింజను తూర్పారబట్టే రైతుకు గాలి ఎప్పుడు నిలకడగా వీస్తుందో, ఎప్పుడు తెరలు తెరలుగా వచ్చి పొట్టును మొహాన కొడుతుందో తరతరాలుగా తెలుసు. అదే చేటను గాలికి ఎదురుగా అడ్డంగా పట్టుకుని ముందంచును కొద్దిగా పైకెత్తితే చేట చేతిని పైకి లాగుతుంది. ఇంకా ఎత్తితే పైకి లాగడం మాని వెనక్కి నెట్టుతుంది. విమానపు రెక్క పనితీరు సారాంశం ఈ రెండు కదలికల్లోనే ఉంది. మొదటిదానిని ఉత్థాపక బలం అంటారు. రెండోదానిలో, కోణం మితిమీరి గాలి రెక్క పైభాగాన్ని అంటుకుని సాగలేక విడిపోయే స్థితిని స్టాల్ అంటారు.

తొలి కిట్‌ను ఎంచుకోవడంలోనే సగం గెలుపో ఓటమో తేలిపోతుంది. పెట్టె మీది రంగుల బొమ్మను చూసి, నాలుగు ఇంజిన్ల బాంబర్‌నో, రెక్కలు కిందుగా ఉన్న యుద్ధవిమానాన్నో కొన్నవారిలో చాలామంది దానిని పూర్తిచేయరు. పూర్తిచేసినా అది ఎగరదు, ఎందుకంటే అసలు విమానం అందాన్ని కాపాడటానికి వాడిన ప్రతి చిన్న ముక్కా బరువును పెంచుతుంది. బరువు రెట్టింపయితే విమానం గాలిలో నిలవడానికి సుమారు 1.4 రెట్ల వేగం కావాలి, ఆ వేగంతో ఆ బరువు నేలను తాకినప్పుడు తగిలే దెబ్బలోని శక్తి నాలుగు రెట్లవుతుంది. అందువల్ల రెక్క పొడవు 30 నుంచి 45 సెంటీమీటర్ల మధ్య ఉండేదీ, రెక్క మొండెం పైన ఉండేదీ, రెక్క చివరలు పైకి వంగి ఉండేదీ, పుల్లల సంఖ్య చేతివేళ్లతో లెక్కపెట్టదగినదీ మొదటిసారికి తగినది. అమెరికాలో ఫ్రాంక్ ఎలింగ్ పాఠశాల పిల్లల కోసం రూపొందించిన డెల్టా డార్ట్ అనే నమూనా దీనికి చక్కటి ఆదర్శం. దానిలో పటాన్ని రెక్కకు కప్పే కాగితం మీదే అచ్చువేస్తారు, పుల్లలను నేరుగా ఆ గీతల మీద అతికిస్తారు, కాబట్టి కప్పడం అనే కష్టమైన దశే ఉండదు. ఒక పూటలో కట్టి అదే రోజు ఎగరేయవచ్చు. దాని తరువాతనే, పాల్ గిల్లో 1926లో అమెరికాలో స్థాపించిన సంస్థ అమ్మేటటువంటి, పక్కటెముకలున్న రెక్కల కిట్ల జోలికి పోవడం మేలు.

కిట్ విప్పగానే కనిపించే తెల్లని, బెండులాంటి చెక్క పేరు బాల్సా. అది దక్షిణ అమెరికా ఉష్ణమండలపు చెట్టు. దానిని ప్రపంచానికి ప్రధానంగా అందించే దేశం ఈక్వెడార్. వృక్షశాస్త్ర రీత్యా అది తెలుగువారెరిగిన బూరుగుచెట్టుకు దగ్గరి చుట్టం. ఘనపు మీటరు టేకు 600 కిలోలకు పైగా తూగితే, సాధారణమైన బాల్సా 160 కిలోల దగ్గర తూగుతుంది. అయినా తన బరువుతో పోల్చితే దాని బిగువు అసాధారణం. ఈ కారణంగానే గాలిమర రెక్కల లోపలి పొరల్లోనూ ఈ చెక్కను ప్రపంచమంతటా వాడుతున్నారు, దానివల్ల నమూనాలు కట్టేవారికి చెక్క ధర పెరిగిన సందర్భాలూ ఉన్నాయి. కొండ మీద తిరిగే రెక్కకూ, చేతిలో పట్టే రెక్కకూ మూలం ఒకటే కావడం ఈ ప్రాంతపు పిల్లలకు తప్పక చెప్పవలసిన విషయం.

బాల్సాలో ఒకే పెట్టెలోని రెండు పుల్లలు కూడా ఒకే బరువుండవు. ఎడమ రెక్కకు బరువైన పుల్ల, కుడి రెక్కకు తేలికైన పుల్ల పడితే విమానం పుట్టుకతోనే ఒక పక్కకు ఒరుగుతుంది. అందుకని పని మొదలుపెట్టక ముందే పుల్లలను విడివిడిగా తూచి, వీలైతే కంసాలి త్రాసులో తూచి, జతలు కట్టుకోవాలి. త్రాసు లేనప్పుడు రెండు పుల్లల కొసలను బల్ల అంచున ఒకే పొడవు బయటికి ఉండేలా నొక్కిపట్టి, కొనలను వేలితో వంచి, ఏది ఎంత ఎదురు తిరుగుతుందో చూసినా చాలు. ఇక్కడి పొడిగాలి ఈ దశలోనే తన పని మొదలుపెడుతుంది: తెరిచి ఉంచిన పెట్టెలోని చెక్క నాలుగు రోజుల్లో మరింత ఎండి, పెళుసెక్కి, వంచబోతే పుటుక్కుమంటుంది. వంపు తిరగవలసిన పుల్లలను నీటిలో కొంతసేపు నాననిచ్చి, పటం మీద గుండుసూదులతో ఆ వంపులోనే నిలిపి, పూర్తిగా ఆరాకే బంక పెట్టాలి. తడి పుల్లకు బంక పెడితే, అది ఆరి కుంచించుకుపోయేటప్పుడు అతుకును లాగుతుంది.

పనిముట్ల జాబితా చిన్నది. గుండుసూది సులువుగా దిగే మెత్తని పలక, పటం మీద బంక అంటకుండా పరిచే పలుచని ప్లాస్టిక్ కాగితం, కొత్త బ్లేడు, గరుకు కాగితం, ఒక మూలమట్టం ఉంటే చాలు. బ్లేడు విషయంలో పొదుపు పనికిరాదు. మొండిదైన బ్లేడు బాల్సాను కోయదు, నలుపుతుంది. మందం ఎక్కువైన చోట ఒక్క ఊపులో కాకుండా, తేలికగా మూడు నాలుగుసార్లు గీస్తూ కోయాలి. చిన్నపిల్లలు కోసేటప్పుడు పెద్దవారెవరైనా పక్కన కూర్చోవడం తప్పనిసరి. ఉక్కపోస్తున్నా సరే, పని జరిగే గదిలో ఫ్యాను ఆపాలి. కాగితం ఎగిరిపోతుందన్నది ఒక్కటే కారణం కాదు, బంక ఒక పక్క త్వరగానూ మరో పక్క ఆలస్యంగానూ ఆరడం అంతకంటే పెద్ద చిక్కు.

బంక గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. ఫెవికాల్ వంటి తెల్లబంక నీటి ఆధారంతో తయారైనది. అందులోని నీరు చెక్కలోకీ గాలిలోకీ పోయాక అతుకు గట్టిపడుతుంది. మిద్దె లోపల కూడా గాలి ఎండిపోయి ఉండే వేసవిలో తెల్లబంక చుక్క పైభాగం క్షణాల్లో పొర కడుతుంది. రెండో ముక్కను తెచ్చి ఆనించేసరికి ఆ పొర మీదే అది కూర్చుంటుంది తప్ప, లోపలికి ఇంకదు. ఇటువంటి అతుకు చూడటానికి బాగానే ఉండి, ఎగిరేటప్పుడు విడిపోతుంది. దీనికి మార్గం ఏమిటంటే, అతుకవలసిన రెండు ముఖాలకూ మొదట నీరు కలిపి పలచన చేసిన బంకను ఒకసారి రాసి ఇంకనివ్వడం, తరువాత అసలు బంకను సూదిమొనంత మాత్రమే పెట్టి వెంటనే కలిపి పట్టడం. అతుకు బయటికి ఉబికిన బంక బలాన్ని పెంచదు, బరువును మాత్రం పెంచుతుంది.

ఫెవిక్విక్ వంటి తక్షణ బంక సంగతి ఇందుకు పూర్తిగా విరుద్ధం, చాలామందికి ఆశ్చర్యం కలిగించేది కూడా. అది ఆరడం వల్ల గట్టిపడేది కాదు. గాలిలోనూ చెక్క మీదా ఉండే అతి సూక్ష్మమైన చెమ్మ తగిలినప్పుడు జరిగే రసాయన చర్య వల్ల గట్టిపడేది. కనుక గాలి ఎండిపోయినప్పుడు అది త్వరపడే బదులు ఆలస్యం చేస్తుంది, త్వరపెట్టాలని మరో చుక్క వేసినకొద్దీ అతుకు పాడవుతుంది. అతుకు మీద ఒకసారి నోటితో ఊదితే ఊపిరిలోని చెమ్మ సరిపోతుంది, అయితే దాని ఆవిరి కళ్లకూ ముక్కుకూ మంచిది కాదు కనుక మొహం దగ్గరగా పెట్టకూడదు. తొలి నమూనాకు తెల్లబంకే మంచిది. తప్పు జరిగితే కాస్త తడి చేసి ముక్కను విడదీసే వీలు దానితోనే ఉంది.

ఇక అస్థిపంజరం. రెక్క పొడవునా సాగి బరువంతా మోసే పుల్లను స్పార్ అంటారు, ఇంటి కప్పుకు దూలం ఎటువంటిదో రెక్కకు అది అటువంటిది. దానికి అడ్డంగా వరుసగా నిలిచి రెక్కకు వంపు ఆకారం ఇచ్చే పలుచని పలకలు పక్కటెముకలు. పటం మీద ముందుగా ముందంచు పుల్ల, వెనకంచు పుల్ల, దూలం పుల్ల పరిచి, ఆ తరువాతే పక్కటెముకలను ఒక్కొక్కటిగా మూలమట్టంతో నిటారుగా నిలపాలి. గుండుసూదిని పుల్లలోంచి గుచ్చితే పుల్ల బలం పోతుంది. సూదులను పుల్లకు అటూ ఇటూ ఒరగా గుచ్చి, వాటి మధ్య పుల్లను బంధించాలి. పటం మీది నుంచి రెక్కను ఎప్పుడు లేపాలన్నది ఈ పనిలో అన్నిటికంటే పెద్ద పరీక్ష. ఇక్కడి ఎండకు గంటలోనే అతుకు ఆరినట్టు కనిపించినా, తెల్లవారేదాకా దానిని కదపకూడదు. ఆ ఒక్క రాత్రి ఓర్చుకోలేక లేపిన రెక్క తిన్నగా రావడం అరుదు.

కాగితం కప్పే దశలో ఈ పీఠభూమి కళలు రెండు అక్కరకు వస్తాయి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరెన్నికగన్న ఊరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు 2020లో పద్మశ్రీ అందుకున్నారు. అక్కడివారు మేకతోలును గీకి, వెలుతురు ప్రసరించేంత పలుచన చేసి, ముడత లేకుండా సాగదీసి ఆరబెడతారు; నలువైపులా ఒకే బిగువు లేకపోతే బొమ్మ వంకరపోతుందని వారికి తెలుసు. విమానపు రెక్క మీద గాలిపటాల కాగితం వంటి పలుచని కాగితాన్ని పరిచేవారు పాటించవలసిన సూత్రం సరిగ్గా అదే. కాగితానికి కూడా చెక్కకున్నట్టే ఈనె దిశ ఉంటుంది. ఒక చెరగును చించి చూస్తే తిన్నగా చిరిగే వైపు ఈనె ఉన్నట్టు, ఆ ఈనెను రెక్క పొడవు వెంట ఉంచాలి. పలచటి బంకను అంచు పుల్లలకు మాత్రమే రాసి, మధ్య నుంచి చివరలకు సాగదీస్తూ అతికించాలి.

అతికించాక కాగితం మీద సన్నని తుంపరగా నీరు చల్లుతారు. తడిసిన కాగితం మొదట వదులై, ఆరేకొద్దీ బిగుసుకుని డప్పు మీది తోలులా పలుకుతుంది. నేతగాళ్లు పడుగుకు గంజి పెట్టి ఆరబెట్టినప్పుడు పోగు బిగువెక్కే తీరు తెలిసినవారికి ఈ మార్పు కొత్తగా తోచదు. చల్లని దేశాల పుస్తకాలు తడిపిన రెక్కను ఊరికే పక్కన పెట్టమంటాయి. ఇక్కడ అలా చేస్తే, కిటికీ వైపున్న కాగితం ముందు ఆరి, ముందు బిగిసి, పుల్లలను తనవైపు లాక్కుంటుంది. రెండో వైపు ఆరేసరికి రెక్క మెలిపడిపోతుంది. మెలి అంటే రెక్క ఒక కొన వెనకంచు పైకీ, రెండో కొన వెనకంచు కిందికీ తిరగడం. అటువంటి రెక్క ఉన్న విమానం ఎంత సరిచేసినా సుడి తిరిగి నేలకే వస్తుంది. కాబట్టి తుంపర చల్లడం తెల్లవారుజామున, తలుపులు మూసి, రెక్కకు పైనా కిందా ఒకేసారి జరగాలి. చల్లిన మరుక్షణమే రెక్కను అగ్గిపుల్లల మీద కాస్త ఎత్తుగా పలకకు సూదులతో బంధించాలి, అప్పుడే అడుగున కూడా గాలి ఆడుతుంది. ఇంత చేసినా మెలి వస్తే, పొగలు కక్కే నీళ్ల గిన్నె మీద ఆవిరి పట్టి, ఎదురు దిశలో నెమ్మదిగా తిప్పి, చల్లారేదాకా పట్టుకుంటే తిన్నబడుతుంది.

భాగాలన్నీ కూర్చాక బరువు ఎక్కడ నిలుస్తుందో చూడాలి. కావడి మోసేవారు రెండు వైపులా బరువు సరిపోయే చోటునే భుజానికి ఆనించినట్టు, రెక్కల కింద రెండు వేళ్ల మొనలు పెట్టి విమానాన్ని ఎత్తితే అది మట్టంగా నిలిచే చోటు దాని గురుత్వ కేంద్రం. పటం మీద ఆ చోటును ఒక గుర్తుతో చూపుతారు. సాధారణంగా అది రెక్క వెడల్పులో ముందంచు నుంచి మూడో వంతు దగ్గర ఉంటుంది. తోక బరువైతే ముక్కుకు కాస్త బంకమట్టి అద్దాలి. తోక బరువుగా ఉన్న విమానాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ ఎగరేయకూడదు, ఎందుకంటే ముక్కు బరువైనది దగ్గరలో దిగి ఊరుకుంటుంది, తోక బరువైనది అదుపు తప్పి విరుగుతుంది.

రబ్బరుకు ఎండ శత్రువు. వాడనప్పుడు దానిని వెలుతురు తగలని మూతడబ్బాలో, ఇంట్లో చల్లగా ఉండే మూలన ఉంచాలి. చుట్లు తిప్పేటప్పుడు పోగులు ఒకదానినొకటి ఒరుసుకుని తెగకుండా ఒక నూనె రాస్తారు. కిరోసిన్ వంటి ఖనిజ తైలాలు రబ్బరును కొరికేస్తాయి, ఆముదం అలా చేయదు. వేరుశనగ చేల గట్ల వెంట పండే ఆ గింజల నూనెకే విమాన చరిత్రలో గొప్ప స్థానముంది. మొదటి ప్రపంచ యుద్ధకాలపు విమాన ఇంజిన్లలో చాలావాటికి కందెనగా ఆముదం వాడారు, చిన్న నమూనా ఇంజిన్ల ఇంధనంలో దానిని ఇప్పటికీ కలుపుతారు. చుట్లు తిప్పే పద్ధతి కూడా ఉంది: ఒకరు విమానాన్ని పట్టుకోగా మరొకరు రబ్బరును దాని పొడవుకు మూడు రెట్ల దాకా సాగదీసి, తిప్పుతూ తిప్పుతూ దగ్గరకు రావాలి. సాగదీయకుండా తిప్పిన రబ్బరులో అన్ని చుట్లు పట్టవు.

ఎక్కడ, ఎప్పుడు ఎగరేయాలి అన్న ప్రశ్నకు కొత్తచెరువు వంటి ఊరు ఇచ్చే జవాబు నగరం ఇవ్వలేనిది. ఆషాఢంలో పడమటి గాలి జోరుగా వీచే రోజులు కట్టుకోవడానికే తప్ప ఎగరేయడానికి పనికిరావు. వేరుశనగ కోతలు ముగిసి చేలు ఖాళీ అయ్యాక, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దు పొడవక ముందు అరగంటా పొడిచాక గంటా గాలి దాదాపు కదలదు. తొలి ఎగురవేతకు అంతకు మించిన వేళ లేదు. వాన లేని ఏడాదిలో ఎండిన చెరువు అడుగు కూడా చదునుగా, మెత్తగా ఉండి విమానాలకు మంచి మైదానమవుతుంది. అయితే ఆ మైదానం ఎవరూ కోరుకోదగినది కాదు. చెరువు నిండి, విమానాలు చేలకు మళ్లిన ఏడాదే ఈ ఊరికి మంచి ఏడాది. సముద్రమట్టానికి 450 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్న ఈ నేల మీద వేళను బట్టి గాలి సాంద్రత కూడా మారుతుంది. 20 డిగ్రీల వేకువ గాలి కంటే 40 డిగ్రీల మధ్యాహ్నపు గాలి సుమారు 6 శాతం పలుచన, కనుక పొద్దున్న చక్కగా తేలిన విమానం మధ్యాహ్నం కొంచెం ఎక్కువ వేగంతో పోతేనే తేలుతుంది.

మొదట రబ్బరు తిప్పకుండా చేతితో వదలాలి. గాలికి ఎదురుగా నిలిచి, 15 మీటర్ల ముందున్న నేల మీది ఒక గుర్తుకు గురిపెట్టి, విసరకుండా, చేతిలోంచి జారవిడిచినట్టు వదిలితే అది సాగే తీరే దాని జబ్బును చెబుతుంది. ముక్కు పైకి లేచి, వేగం చచ్చి, దబ్బున పడి, మళ్లీ లేస్తూ అలలు అలలుగా పోతే అది స్టాల్. ముక్కుకు కాస్త మట్టి చేర్చడమో, తోకరెక్క ముందంచు కింద కాగితమంత ముక్కను పెట్టడమో దానికి చికిత్స. సూటిగా నేలకు దూసుకుపోతే ముక్కు మట్టిని తగ్గించాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి, చేసినదానిని కాగితం మీద రాసుకోవాలి. అది నిదానంగా జారడం నేర్చాకే 50 చుట్లు, ఆపైన 100 చుట్లు తిప్పి చూడాలి. ప్రొపెల్లర్ ఒక దిశలో తిరిగితే మొండెం దానికి ఎదురు దిశలో ఒరగబోతుంది కాబట్టి, రబ్బరు నిండుగా ఉన్నప్పుడు విమానం ఎడమకు లాగుతుంది. ప్రొపెల్లర్ ఇరుసును వెంట్రుకవాసి కుడికీ, కిందికీ తిప్పితే అది సర్దుకుంటుంది.

రేడియో తరంగాలతో నడిపే విమానాల మీదికి మనసు పోవడం సహజమే, కానీ అది తరువాతి మెట్టు. పైగా 2021 ఆగస్టులో వెలువడిన డ్రోన్ నియమాల ప్రకారం, పనిచేసే విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపల అటువంటివాటిని అనుమతి లేకుండా ఎగరేయరాదు. పుట్టపర్తి విమానాశ్రయం అంత దగ్గరగా ఉన్న ఊళ్లవారు ఈ మాట మరువరాదు. కళాశాలలో చేరాక నేషనల్ కేడెట్ కోర్ వైమానిక విభాగంలో చేరినవారికి నమూనా విమానాల తయారీ శిక్షణలోనే భాగం. రెండు తీగలతో పట్టుకుని చుట్టూ తిప్పే కంట్రోల్ లైన్ విమానాలను అక్కడి పోటీల్లో ఎగరేస్తారు.

నైపుణ్యం వచ్చాక ఒక కొత్త చిక్కు వస్తుంది, అది సంతోషకరమైన చిక్కు. ఎండెక్కి నేల కాగినప్పుడు వేడిగాలి బుడగలుగా పైకి లేస్తుంది. గద్దలు రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ ఎక్కేది దానిలోనే, బీడు భూముల్లో సుడిగాలి లేచేదీ దాని వల్లనే. తేలికైన చిన్న విమానం ఆ గాలిలో చిక్కితే రబ్బరు చుట్లు అయిపోయినా కిందికి రాదు, చూస్తుండగానే చుక్కంతై, చింతతోపులూ రైలుకట్టలూ దాటిపోతుంది. అనుభవజ్ఞులు దీనికి డీథర్మలైజర్ అనే ఏర్పాటు చేసుకుంటారు; కొంత సమయం గడిచాక తోకరెక్క దానంతటదే పైకి లేచి విమానాన్ని నిదానంగా దింపుతుంది. తొలి నమూనాకు అంత అవసరం లేదు. రెక్క అడుగున, బంక ఆరిన కాగితం మీద, చెరగని సిరాతో పేరూ కొత్తచెరువు అనే ఊరిపేరూ స్పష్టంగా తెలుగులో రాసి ఉంచితే, బుక్కపట్నం వైపు ఏ కంది చేలోనో గొర్రెలు కాసేవారికి అది దొరికినప్పుడు ఎవరికి చేర్చాలో తెలుస్తుంది.